గాల్లో బిగించిన బోల్టులు

"మీ బండికి స్టీరింగ్ ఉందా, అలంకారానికి పెట్టుకున్నారా?"

పశువుల డాక్టర్‌తో ఆమె అన్న మొదటి మాట అది. అతని ముసలి జీపు వంకర్లు తిరుగుతూ, ఆమె నాన్నతో కలిసి నడిపే మెకానిక్ షెడ్డులోకొచ్చి, ఆమె కడిగి ఆరబెట్టిన బోల్టుల పళ్లేన్ని తన్నేసి మరీ ఆగింది.

"ఉందండీ. ఎప్పుడూ ఎడమకే లాగుతుంది. నేను కుడికి తిప్పి పట్టుకుంటే, కాసేపు ఆలోచించుకుని తిన్నగా వెళ్తుంది."

నవ్వితే అలుసైపోతానని ఆమె మొహం ముడుచుకుని జీపు కిందికి దూరింది. చక్రాలను తిప్పే టై రాడ్ చివర్లు లొడలొడలాడుతున్నాయి. బండి బరువు మోసే కమాన్ పట్టీల రబ్బరు బుష్షులు అరిగి పిప్పయిపోయాయి. దీంతో కొండలెక్కుతున్నాడంటే ఇతనికి ధైర్యం ఎక్కువో, బుర్ర తక్కువో ఆమెకు తేలలేదు.

మార్చాల్సిన సామాను రావడం ఆలస్యమైంది గానీ అతను రావడం ఏనాడూ ఆలస్యం కాలేదు. సాయంత్రమయ్యేసరికి తిరగేసిన డబ్బా మీద కూర్చుని, ఏ గేదె తనను ఎలా తన్నిందో వర్ణించేవాడు. ఆమె పని చేసుకుంటూ ఊఁ కొట్టేది. నిన్న మాత్రం గేదెల ఊసు లేదు. కొండల అవతలికి బదిలీ అయిందట. బండి సిద్ధం కాగానే బయల్దేరాలట.

అప్పటినుంచి ఆమెకు కాలు ఒకచోట నిలవడం లేదు. పానా కోసం షెడ్డంతా వెతికి, అది తన చేతిలోనే ఉందని చూసుకుంటోంది. మబ్బు పట్టిన ఆకాశం కురిసి చావదు, తెరిపివ్వదు. పని ముగిస్తే అతను వెళ్లిపోతాడు. ముగించకపోతే రేపూ ఎదురుగా కూర్చుని ప్రాణం తీస్తాడు. వెళ్లొద్దని చెప్పడానికి తనెవరు?

సాయంత్రం డాక్టర్ ఎప్పటిలా డబ్బా మీద కూర్చుని ఉండగా, నాన్న వచ్చి బండి కిందికి తొంగిచూశాడు.

"ఏమ్మా, ఈ బుష్షుల బోల్టులు ఎప్పుడు బిగించావు?"

"పొద్దున్నే నాన్నా."

"పొద్దున బండి స్టాండ్ల మీద గాల్లో ఉంది కదే!"

ఆమె నాలిక్కరుచుకుంది. చక్రాలు నేలకు ఆని, బండి బరువు పట్టీల మీద పడ్డాకే ఆ బోల్టులు బిగించాలి. గాల్లో బిగిస్తే, కిందికి దించగానే రబ్బరు మెలిపడి కొన్నాళ్లకే చిరిగిపోతుంది. పానా పట్టిన కొత్తలో నేర్చుకున్న పాఠం అది.

"అలాగే వదిలేస్తే ఏమవుతుందండీ?" అడిగాడు డాక్టర్.

"ఏముంది, నెల తిరక్కుండా మళ్లీ ఇక్కడికే రావాలి," అన్నాడు నాన్న.

"అయితే వదిలేయండి!"

ఆమె ఊఁ అంటే చాలు, అతను మళ్లీ వస్తాడు. కానీ ఆ కొండ మలుపులు కళ్లముందు మెదిలాయి.

"కుదరదు. మీరు రాకపోయినా సరే, దారిలో మాత్రం మీకేమీ కాకూడదు," అంది.

బోల్టులన్నీ వదులు చేసింది. నాన్న జీపును కిందికి దించాడు. డాక్టర్ బంపర్ మీద నిలబడి కుదిపితే పట్టీలు సర్దుకున్నాయి. ఆమె మళ్లీ కిందికి దూరింది.

"మీరు అక్కడుండగానే చెప్పేస్తాను. బయటికొస్తే నాకు నోరు పెగలదు," అన్నాడతను. "నేను రోజూ వచ్చింది బండి కోసం కాదు. మీ కోసం. మిమ్మల్ని పెళ్లి చేసుకోవాలనుంది."

పానా చప్పుడు ఆగింది. మిగిలిన బోల్టు కూడా బిగించి, బుగ్గ మీద గ్రీజు మరకతో ఆమె బయటికొచ్చింది.

"ఆ ముక్క నిన్ననే చెప్పి ఉంటే, నేను బోల్టులు గాల్లో బిగించేదాన్నే కాదు."

నాన్న గట్టిగా దగ్గాడు. డాక్టర్ కంగారుగా జీపెక్కి స్టార్ట్ చేసి, అలవాటు కొద్దీ కుడికి తిప్పి పట్టుకున్నాడు. స్టీరింగ్ ఈసారి ఏమీ ఆలోచించుకోలేదు. జీపు వెంటనే కుడికి తిరిగి అదే పళ్లేన్ని మళ్లీ తన్నేసింది.

"బండి బాగైపోయింది," అన్నాడు నాన్న, బోల్టులు ఏరుకుంటూ. "ఇక బాగుచెయ్యాల్సింది డ్రైవర్‌నే. అది నా వల్ల కాదు గానీ, నువ్వే చూసుకో తల్లీ."

బయట చినుకులు మొదలయ్యాయి. ఆమె చేతులు తుడుచుకుని, వెళ్లి అతని పక్కన కూర్చుంది.