మూడో పిలుపు

ఆన్సర్ బేలో చీకటి పడ్డాక ఎవరూ లంగరు వెయ్యరు.

కరీబియన్ సముద్రంలో ఓ చిన్న దీవి వెనక, మూడువైపులా కొండలున్న వంపు అది. పగలు చూస్తే క్యాలెండర్ బొమ్మ. పొద్దు వాలితే పక్షి కూడా అటు రాదట. ఎప్పుడో ఒక పడవ కెప్టెన్ అక్కడ నీళ్లలో పడ్డాడు. పైన స్నేహితులు పాటలు పెట్టుకుని తాగుతున్నారు. ఆయన పిలిచాడు… పిలిచాడు… ఒక్కరూ పలకలేదు. అప్పట్నుంచీ, పలికేవాళ్లు దొరికేదాకా, పిలుస్తూనే ఉన్నాడట.

పడవ అద్దెకిచ్చిన ముసలాయన ఇదంతా చెప్తుంటే భానుప్రకాష్ బుద్ధిమంతుడిలా తలూపాడు. ఆ యాసలో సగమే అర్థమైంది. ఇంగ్లండ్‌లో, వాట్‌ఫర్డ్ ఆఫీసు మీటింగుల్లో పదకొండేళ్లుగా చేస్తున్నదీ అదే— తలూపడం. తర్వాత జరిగింది ఎవరికి చెప్పినా, ముందు ఆ తలూపుడు దగ్గరే తనని తాను నాలుగు తిట్టుకుంటాడు.

వెళ్లింది నలుగురు. భానుప్రకాష్, భార్య నాగజ్యోతి… వీళ్లది తుని. వీళ్ల ఎదురింటి కౌశల్, అతని భార్య హాసిని… వాళ్లది వరంగల్. ఫిబ్రవరి సెలవుల్లో వాట్‌ఫర్డ్ వాన తప్పించుకుని, వారం రోజులు తెరచాప పడవలో కాళ్లు బారజాపుకుని పడుందామని ప్లాను. కెప్టెన్ కౌశల్. సౌతాంప్టన్‌లో ఐదురోజుల కోర్సు చేసి సర్టిఫికెట్ తెచ్చుకున్నాడు. తెల్ల టోపీ కూడా కొన్నాడు. ఈత మాత్రం రాదు.

"కెప్టెన్‌వి, ఈత రాదేంట్రా?" అంటే—

"పైలట్‌కి ఎగురుడొస్తదా?" అన్నాడు.

మూడోరోజు సాయంత్రం గాలి చచ్చిపోయింది. ఇంజన్ క్షయరోగిలా దగ్గుతోంది. హాసినికి పొద్దున్నుంచీ వాంతులు. నీళ్లు కదలకుండా ఉన్న చోటు దగ్గర్లో ఒక్కటే కనిపించింది— ఆన్సర్ బే.

"వద్దురా. ఆ ముసలాయన చెప్పాడు."

"ఆయన చెప్పింది నీకు సమజైందా?"

"సగం."

"మిగతా సగంల 'ఇదంతా ఉత్తదే' అన్నడేమో!" అని, కౌశల్ గొంతు చించుకుని అరిచాడు— "భానూ! గొలుసు వదులు!"

లంగరు పడింది. మూడువైపులా కొండలే… కానీ ఆ కేక ఏ కొండకీ తగిలి తిరిగి రాలేదు. ఎవరో నోట్లో వేసుకుని దాచుకున్నట్టు.

ఆరున్నరకల్లా కటిక చీకటి. నీళ్లు తారులా ఉన్నాయి. కౌశల్‌కి గ్లాసులోకి ఐసు కావాల్సొచ్చింది. కొండ మలుపు అవతల ఏదో బారు ఉందని రబ్బరు పడవ దింపాడు.

"పదిహేను నిమిషాల్ల వస్త."

"చేతి రేడియో పట్టుకెళ్లు."

"ఆఁ, ఆఁ."

మోటారు చప్పుడు మలుపు దాకా వినిపించి… ఆగిపోయింది.

పదిహేను నిమిషాలు అరగంటయింది. అరగంట ముప్పావుగంటయింది. కింద వంటగదిలో నాగజ్యోతి చికెన్ పులావు మూత తీసింది. అప్పుడు, స్టీరింగ్ పక్కనున్న రేడియో గరగరలాడింది.

"భానూ…"

తడి గొంతు. నోట్లో నీళ్లుంచుకుని పిలిచినట్టు.

భానుప్రకాష్ చెయ్యి మైకు దాకా వెళ్లి, గాల్లోనే ఆగిపోయింది. చిన్నప్పుడు నాయనమ్మ చెప్పిన మాట… "చీకట్లో ఎవరు పిలిచినా మూడోసారి దాకా పలక్కురా అబ్బాయ్. మనిషైతే మూడోసారి పిలుస్తాడు. వాటికి రెండు పిలుపుల వరకే ఓపిక."

కానీ నీళ్లలో ఉన్నది కౌశలైతే? ఈత రాని కౌశల్! పలక్కపోతే వాడు పోతాడు. కౌశల్ కాక, అదే అయితే… పలికితే తను పోతాడు.

"భానూ…"

వాట్‌ఫర్డ్‌లో ఆఫీసు నుంచి డాక్టరు క్లినిక్ దాకా భానుప్రకాష్ అందరికీ "బాను". కడుపులోంచి ఒత్తి "భా" అనేది మనవాళ్లే. ఇది ఒత్తింది. అయినా అతను పలకలేదు. మూడోదాని కోసం చూస్తున్నాడు. పిలవరా… ఇంకొక్కసారి పిలవరా…

రేడియో గరగర కూడా ఆగిపోయింది.

"భానూ!"

మూడోది! ప్రాణం లేచొచ్చింది. మైకు లాక్కున్నాడు.

"ఆఁ, చెప్పరా! ఎక్కడ చచ్చావ్? త్వరగా వచ్చెయ్, భోజనానికి నీకోసమే కూర్చున్నాం!"

అవతల ఎవరో నిండుగా ఊపిరి పీల్చుకున్న చప్పుడు. అంతే.

దుప్పటి కప్పుకుని హాసిని పైకొచ్చింది. "ఎవరితోని అన్నా?"

"మీ ఆయనతోనే. రేడియోలో పిలిచాడు."

హాసిని అతని మొహంలోకి చూసింది. "ఆయన రేడియో నా దిండు పక్కన చార్జింగ్‌ల ఉన్నది…"

అంతలో మోటారు చప్పుడు. టార్చి వెలుగు. వెనకే కౌశల్ గొంతు— "అరే, బారు బంద్ ఉన్నది! పక్క రేవు దాంక పోయొచ్చిన!"

భానుప్రకాష్ మైకు వదిలేసి అంచు దగ్గరికొచ్చాడు. జరిగింది చెప్పాడు. రబ్బరు పడవ ముందు కొసలో నిలబడి తాడు అందిస్తూ, కౌశల్ పగలబడి నవ్వాడు.

"మూడుసార్లు పిలిస్తే మనిషేనా? పాగల్! రేడియోల ఎవ్వడైనా పేరు మూడుసార్లు పిలుస్తడు. కోర్సుల మొదటిరోజే నేర్పిస్తరు. కెప్టెన్లందరికీ అదే…"

నవ్వు అక్కడే ఆగింది.

నాగజ్యోతి నాలుగు ప్లేట్లతో పైకొచ్చింది. ఐసు అందుకుందామని కిందికి వంగి, మర్యాదగా కొంగు సర్దుకుంది.

"అన్నయ్యా, మీ వెనకాయన తడిబట్టల్తో అలా కూర్చున్నారేంటి? పైకి రమ్మనండి. పులావు బోలెడుంది, ఇంకో ప్లేటు తెస్తాను."

కౌశల్ వెనక్కి తిరగలేదు.

"నేనొక్కణ్ణే వచ్చిన చెల్లే…" గుసగుసగా అన్నాడు.

అతని వెనక రబ్బరు పడవ కొస, ఎవరో లేచి దిగిపోయినట్టు… బరువు తగ్గి, మెల్లగా పైకి తేలింది.

ఇప్పుడు వాట్‌ఫర్డ్‌లో భానుప్రకాష్‌కి మూడుసార్లు కాదు, ముప్పైసార్లు ఫోన్ చేసినా ఎత్తడు. శనివారం భోజనాలకి మాత్రం పిలుస్తాడు. నలుగురే ఉంటే ఐదు ప్లేట్లుంటాయి. ఐదోది ఎవరూ ముట్టరు. ఆ కుర్చీ కింద కార్పెట్ ఎప్పుడూ తడే.

"ఇంగ్లండ్ ఇళ్లలో డ్యాంప్ మామూలేగా!" అంటుంది నాగజ్యోతి.

మామూలే. కాకపోతే, ఎక్కడైనా డ్యాంప్ ఆరాక మరక మిగులుతుంది. అక్కడ ఉప్పు మిగులుతోంది.