కైలాసం అడిగే దీపం

పోయిన నవంబరు పద్నాలుగు, శుక్రవారం, రాత్రి ఎనిమిది నలభై. బెల్లంపల్లిల మూతపడ్డ బొగ్గుబాయి దిక్కు ఆ వేళకు కుక్క సుత పోదు. బాయికి గాలి పంపిన పాత ఫ్యాన్ హౌస్ కాడికి రాంగనే చేతిల లైటు దానంతటదే ఆరిపోతదని ఆ జాగకు పేరు.

కైలాసం తీస్కుంటుండని అంటరు. బాయిల పైకప్పు కూలి పోయిండాయన. పీనుగు దొరికింది, తలకు పెట్టుకున్న దీపం దొరకలే. దీపం తీస్కునేటప్పుడు బదులుగ ఆయన ఇచ్చిన నంబరు బిళ్ళ, దీపాలిచ్చే లాంప్ రూం గోడకే ఉండిపోయింది. దీపం అప్పజెప్తె గదా బిళ్ళ చేతికొచ్చేది... అందుకే దారెంట పొయ్యేటోళ్ళను దీపం అడుగుతుండట. ఇరవై ఏండ్లు ఊకున్నోడు రెండేండ్ల సందే ఎందుకు లేచిండో మాత్రం ఎవ్వరూ అడగలే.

ఆదివారం మంత్రగాడొచ్చి అక్కడ మేకులు దిగ్గొట్టి కైలాసాన్ని కట్టేస్తడని కాలనీ పెద్దలు ఖాయం చేసిండ్రు. కైలాసం భార్య లింగవ్వ పేతురు ఇంటికొచ్చి కూసుంది. పేతురు లాంప్ రూంల పనిచేసి రిటైరైనోడు, కైలాసానికి అన్న లెక్క.

"బతికినన్ని రోజులు ఒకరి బీడీ ముట్టలే బావా. ఇప్పుడు దొంగను కట్టేసినట్టు కట్టేస్తరట" అన్నది మెల్లగ.

పేతురు కొడుకు వెస్లీ లేచిండు. కాలనీకి చేతిలైట్లు తయారుజేసి అమ్మేది ఆయననే.

"నేను పోయొస్త చిన్నవ్వా. నా లైటు ఆరకుంటె మంత్రగాణ్ణి నేనే ఆపుత."

"ప్రభువును తల్సుకుంట పో బిడ్డా" అన్నది తల్లి ఆనందమ్మ.

గడప దాటంగనే మీట నొక్కిండు. వంద గజాల దాక పట్టపగలు. తన చేతిపనికి తానే మురిసిండు.

తుమ్మచెట్లు దాటిండు. వెలుగు జర తగ్గినట్టైంది... కండ్లేమో అనుకున్నడు.

ఫ్యాన్ హౌస్ గోడ కనవడ్డది. వెలుగు బీడీ కొన నిప్పంతైంది...

అప్పుడు చెయ్యి కాలింది. ఎవరో వేడి చేతితోని తన చెయ్యిని లైటుతో సహా పట్టుకున్నట్టు — పట్టుకొని, వదలనట్టు. ఏదో మాడిన వాసన.

లైటు ఆరింది.

"చిన్నబాపూ..." అన్నడు. "నాకాడ బిళ్ళ లేదు."

జవాబు కోసం ఆగకుండ వెస్లీ ఇంటిదిక్కు ఉరికిండు.

ఇంట్లకొచ్చి లైటు బాపు ముంగట పెట్టిండు. పేతురు మీట నొక్కితె మంచిగ వెలిగింది. లింగవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

పేతురు మరలు విప్పి లోపలికి చూసిండు.

"గీ వైరేందిర?"

"ఫోన్ చార్జర్ల వైరు బాపు. సన్నగుంటె గొట్టంల సులువుగ పడుతది."

"బల్బు ఎన్ని ఆంపులు గుంజుతది?"

"ఆరు."

"ఏనుగును దారంతోని కట్టినవ్ బిడ్డా. సన్న వైరు కాగుతది, కాగినకొద్ది కరెంటును పోనియ్యదు. చల్లారితె మళ్ళ ఏమెరగనట్టు వెలుగుతది. ఎంతసేపటికి ఆరింది?"

"ఏడెనిమిది నిమిషాలకు..."

"మనిండ్ల కాడికెల్లి ఫ్యాన్ హౌస్‌కు ఎంత నడక?"

"గంతే" అని వెస్లీ తల వంచుకున్నడు. తక్కిన తొవ్వలకన్నిటికి వీధిలైట్లున్నయి. అంతసేపు చేతిలైటు పట్టుకొని నడిచేది ఆ ఒక్క తొవ్వకే.

"ఎన్ని అమ్మినవ్?"

"పన్నెండు. అన్నిట్ల ఇదే వైరు."

"ఎప్పటి సంది?"

"రెండేండ్లు" అన్నది లింగవ్వ.

రోజూ తెల్లారితె ఆ ఇంట్ల చాయ్ కన్న ముందు ప్రార్థన కావాలె. ఆ రోజు ప్రార్థన కన్న ముందు వైర్లు అతికే సోల్డరింగు మొదలైంది. వెస్లీ ఇంటింటికి తిరిగి, తప్పు తనదేనని ఒప్పుకొని, లైట్లు వాపసు తెచ్చిండు. పేతురు లావు రాగి వైరు, వేడికి కరగని సిలికాన్ తొడుగుది, తీసి కురచ కురచగ కోసిచ్చిండు.

"లావొక్కటే ఉంటె చాలదుర. గొట్టంల వంగాలె సుత."

పొద్దెక్కేసరికి పదకొండు లైట్లు బాగైనయి. మంత్రగాణ్ణి రావద్దని ఫోన్ పోయింది.

పన్నెండోది లింగవ్వది. అడిగితె ఇయ్యలే.

"శనివారం శనివారం ఫ్యాన్ హౌస్ దిక్కు పోతున్న బిడ్డా. లైటు సన్నగిల్లంగనే... ఆయన చెయ్యి పట్టుకున్నట్టే ఉంటుండె." లైటును ఒడిల పెట్టుకొని, "గిది గిట్లనే ఉండనీ" అన్నది.

పేతురు కొడుకును చూసిండు. కొడుకు నేలను చూసిండు. ఆనందమ్మ లేచి పాత చీరకొంగు చింపి, లింగవ్వ చెయ్యి కాలకుండ లైటుకు రెండు చుట్లు చుట్టి ఇచ్చింది.