ముప్పై ఏడు డిగ్రీల మనుషులు

“కాలర్‌కి గంజి ఎక్కువైంది,” అన్నాడు ఏజెంట్.

“మెడ సన్నబడిందేమో చూసుకోండి,” అన్నాడు ఇస్త్రీ షాపువాడు.

కోడ్ సరిపోయింది. తెర పక్కకి జరిగింది. వెనక గదిలో ఉతికిన దుప్పట్ల గుట్టల మధ్య చీఫ్ కూర్చుని ఉన్నాడు. ఆయన ముందున్న టీ తొరక కట్టింది. చీఫ్ టీ తాగడం మరిచిపోయాడంటే ఎక్కడో కొంప మునిగిందన్నమాటే.

“నిన్న సాయంత్రం పెద్దమ్మ ల్యాబ్‌లో ఫ్రీజర్లన్నీ ఎవరో ఆపేశారు. స్టాకంతా పోయింది.”

పెద్దమ్మ అంటే సెల్ అండ్ డెవలప్‌మెంటల్ బయాలజీ సొసైటీ అధ్యక్షురాలు. అందరికీ ఆవిడ పెద్దమ్మే. కాలిన ఒంటి మీద కొత్త చర్మం పుట్టించే కణాల్ని పెంచడానికే జీవితమంతా ధారపోసిన మనిషి.

“వెచ్చటి ఇంక్యుబేటర్‌లో ఉన్న ఒక్క ఫ్లాస్క్, కణాలు పెంచే సీసా, మాత్రం బతికింది. అదీ మాయమైంది. విదేశీ ముఠా పని. అది దేశం దాటితే, మన ఆస్పత్రుల్లో కాలిన గాయాలతో పడున్నవాళ్ళు చర్మం కోసం ఆ ముఠా కాళ్ళు పట్టుకోవాలి.”

“ఎవరి దగ్గరుంది?”

“నిన్న మీ ప్రాంతీయ ప్రతినిధులందరికీ ల్యాబ్ చూపించారు. తీసింది వాళ్ళలో ఒకరే. ఇవాళ మీ మీటింగ్‌లో, భోజనాల లోపే చేతులు మారుతుంది.”

‘మీ’ అన్న మాట ఏజెంట్‌కి నచ్చింది. సొసైటీకి దక్షిణ ప్రాంత ప్రతినిధిగా ఉండడం మొదట్లో ఉత్త వేషం. అప్పట్లో ప్రొఫెసర్‌లా కనిపించడానికి నెరిసిన విగ్గు పెట్టుకునేవాడు. ఇప్పుడు దాని అవసరం లేదు, సొంత జుట్టే నెరిసింది. రీసెర్చి పిల్లల ట్రావెల్ గ్రాంట్లు, సభ్యుల అలకలు, మైక్రోస్కోప్ ఎవరు ముందు వాడాలన్న తగాదాలు, అన్నీ శ్రద్ధగా చూసుకుంటున్నాడు. ఇంట్లో అతనితో తగాదా పడడానికి ఎవరూ లేరు.

చీఫ్ ఒక పెన్ను, కళ్ళజోడు ఇచ్చాడు. “పెన్నులో థర్మల్ కెమెరా ఉంది. బొమ్మ అద్దాల్లో కనిపిస్తుంది. ఆ కణాలు ముప్పై ఏడు డిగ్రీల దగ్గరే బతుకుతాయి. వేడిగా ఉన్నది ఎర్రగా కనిపిస్తుంది. క్లిప్ నొక్కితే వెయిటర్ల వేషంలో ఉన్న మనవాళ్ళు వచ్చేస్తారు. ఈ కొసన సూది. మోస్తున్నవాళ్ళకి గుచ్చెయ్.”

“చచ్చిపోతారా సార్?”

“ఫ్లాస్క్ బతకాలి,” అన్నాడు చీఫ్.

హాల్లో ఏసీ గజగజ వణికిస్తోంది. ప్రతినిధులు ఒకరినొకరు ప్రాంతం పేరుతోనే పిలుచుకుంటారు. తూర్పు గారు మైకు మీద విసుక్కుంటున్నారు. ఏజెంట్ పెన్ను తిప్పాడు. తూర్పు గారు ఎర్రగా ఉన్నారు. ఉత్తరం గారూ ఎర్రగానే ఉన్నారు. వేదిక మీద పెద్దమ్మ ఎరుపు. కాఫీ డ్రమ్ము మరీ ఎరుపు. ఏసీ, మంచినీళ్ళ జగ్గు మాత్రం నీలం.

ఏజెంట్‌కి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మనిషి ఒంట్లోనూ ముప్పై ఏడే కదా! ఒంటికి ఆనించుకున్న సీసాని ఆ ఒంటి నుంచి విడదీసి చూపే తెలివి పెన్నుకి ఎక్కడిది? పైగా బతికున్న కణాల్ని ఒకచోటి నుంచి ఇంకోచోటికి తీసుకెళ్ళేటప్పుడు, ఫ్లాస్క్‌ని చొక్కా లోపల పెట్టుకుని మోయడం ఈ సొసైటీలో అందరూ చేసే పనే. ఇంక్యుబేటర్ దాటితే వాటికి మనిషి ఒంటి వేడే దిక్కు.

అప్పుడు పడమర వచ్చింది.

ఆమె కంటే ముందు ఆమె సెంటు వచ్చింది. మెరూన్ రంగు పొడుగు కోటు, టకటకలాడే హీల్స్. ఏటా మీటింగ్‌కి రాగానే అందర్నీ పేరుపేరునా కౌగిలించుకోవడం ఆమె అలవాటు. అంతటి తూర్పు గారు కూడా ఆ ఒక్కరోజూ నవ్వుతారు. ఇక మన ఏజెంట్ సంగతి చెప్పాలంటే, మంగలినీ దర్జీనీ పక్కన పెడితే, ఏడాది మొత్తంలో అతన్ని ముట్టుకునే మనిషి ఆమె ఒక్కతే. ఇవాళ కొత్త చొక్కా వేసుకున్నది కూడా అందుకే.

పడమర అతనికి బారెడు దూరంలో ఆగిపోయింది. వేళ్ళ కొసలు అందించింది. “జలుబు చేసింది దక్షిణం గారూ, దగ్గరికి రాకండి.”

అతని ముఖం చిన్నబోయింది. పోయి కుర్చీలో కూలబడ్డాడు. ఆ బాధ కాస్త తగ్గాక బుర్ర పనిచేయడం మొదలుపెట్టింది. ఆమె ఎవరినీ కౌగిలించుకోలేదు. చల్లటి నీళ్ళు వద్దంది. ఏసీకి దూరంగా కూర్చుంది. ముందుకి వంగడం లేదు. ఇంత హాల్లో ఇంకెవరూ ఇది గమనించలేదు. వాళ్ళకి ఇళ్ళల్లో మనుషులున్నారు.

అతను పెన్ను మూత తీశాడు.

కాఫీ బ్రేక్‌లో, కారిడార్ మలుపు దగ్గర, సూది ఆమె కోటుకి ఆనింది.

“పడమర గారూ, కోటు గుండీ విప్పండి.”

ఆమె నవ్వింది. “ఇన్నేళ్ళకి అడిగారు, అదీ పెన్ను గురిపెట్టి!”

“నేనెవరో తెలుసా?”

“ఎప్పుడో తెలుసు. గ్రాంట్ దరఖాస్తులు ఆఖరి పేజీ దాకా చదివే ప్రొఫెసర్ ఎక్కడైనా ఉంటాడా?” ఆమె నవ్వు ఆగిపోయింది. “ముఠా దగ్గర జీతం తీసుకుంటున్నాను. మీ చీఫ్ దగ్గరా తీసుకుంటున్నాను. ఆయన మీకు చెప్పలేదు కదూ?”

చెప్పలేదు.

“నేను వెళ్ళేసరికే ముఠావాళ్ళు ఫ్రీజర్లు ఆపేశారు, లోపలివన్నీ కరిగిపోయాయి. బతికున్న ఈ ఒక్కదాన్నీ గుండెకి ఆనించుకున్నాను. రాత్రంతా కూర్చునే ఉన్నాను. అటు చూడండి.”

కారిడార్ చివర మైక్రోస్కోప్ కంపెనీ స్టాల్. టై కట్టుకున్న సేల్స్‌మన్ కుడిచెయ్యి ఒక పెట్టెలో ఉంది.

“వాడు ముఠా మనిషి. ఆ పెట్టెలో పిస్తోలుంది. నేను పెద్దమ్మ వైపు అడుగేస్తే ముందు ఆవిడని కాలుస్తాడు. నా బ్యాగులో చచ్చిన స్టాకు నింపిన ఫ్లాస్క్ ఇంకొకటుంది. వాడికి అదిస్తాను. ఇది మీరు మోస్తారా?”

“వాడు మైక్రోస్కోప్‌లో చూసుకోడా?”

“చూస్తాడు,” అంది ఆమె.

నిజమో, నాటకమో. బొటనవేలు కదిలితే చాలు, చీఫ్ చెప్పిన పని అయిపోతుంది. ఏజెంట్ ఆమె కళ్ళ కింద నలుపు చూశాడు. పెన్నుకి మూత పెట్టాడు.

ఆమె ఒక్క అడుగు ముందుకేసి అతన్ని కౌగిలించుకుంది. కోటు తెరుచుకుంది. చొక్కా గుండీ ఊడింది. అరచేతంత చదును సీసా, వెచ్చగా, అతని పక్కటెముకల మీదికి జారింది. పని అయిపోయింది. అయినా ఆమె వదల్లేదు. అతనూ వదల్లేదు.

“పడుకోకు. ఏసీ కింద కూర్చోకు,” అని చెవిలో చెప్పి వెళ్ళిపోయింది.

స్టాల్ దగ్గర సేల్స్‌మన్ పడమర ఇచ్చిన ఫ్లాస్క్‌ని లెన్సు కింద పెట్టాడు. బతికున్న కణాలు సీసా అడుగుని కరుచుకుని, చప్పిడిగా, వెలవెలబోతూ ఉంటాయి. చచ్చినవి గుండ్రంగా ముడుచుకుని, పైకి తేలి తళతళలాడతాయి.

“అబ్బ! ముత్యాల్లా మెరుస్తున్నాయే!” అన్నాడు సేల్స్‌మన్. వాడు మైక్రోస్కోపులు అమ్మడం తప్ప అందులో చూడడం నేర్చుకోలేదు. సీసా జేబులో వేసుకున్నాడు. “ఇక నీతో పని లేదు.”

పిస్తోలు బయటికొచ్చింది. ఏజెంట్ క్లిప్ నొక్కాడు. కాఫీ ట్రే ఒకటి ఎగిరొచ్చి వాడి మణికట్టు మీద పడింది. గుండు గురితప్పి ఎవరి పోస్టర్‌లోకో దూరింది. వెయిటర్లు వాడి మీద కూర్చున్నారు. గొడవ సద్దుమణిగేసరికి పడమర లేదు. సెంటు మాత్రం కాసేపు ఉంది.

ఇంకో ల్యాబ్‌లో ఇంక్యుబేటర్ సిద్ధం చేసేసరికి సాయంత్రమైంది. అంతసేపూ ఏజెంట్ బెంచీ మీద నిటారుగా, గుండె మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాడు. పెద్దమ్మ ఫ్లాస్క్‌ని చాలాసేపు పరీక్షించి చూసింది. కళ్ళు తుడుచుకుంది.

“బతికే ఉన్నాయి నాయనా. ఎవరు మోశారు?”

“ఇద్దరం మోశామమ్మా.”

అంతదాకా సీసా ఉన్నచోట ఒంటికి చల్లగా తగిలింది. చొక్కా గుండీ పెట్టుకున్నా ఆ చలి పోలేదు. అతనికి ఏడుపొచ్చినంత పనైంది.

మర్నాడు ఇస్త్రీ షాపు వెనక గదిలో చీఫ్ వేడి టీ ఊదుకుంటున్నాడు.

“ఆమె మన మనిషని నాకెందుకు చెప్పలేదు సార్?”

“రెండు చోట్లా జీతం తీసుకునే మనిషిని పూర్తిగా నమ్మలేం. చెబితే వెనకాడేవాడివి.”

“చెప్పకపోయినా వెనకాడాను.”

చీఫ్ దుప్పట్ల వైపు చూశాడు. “పడమర ప్రాంతానికి ఇంకొకర్ని ఎన్నుకోమని సొసైటీకి చెప్పించాను. ఆమె ఎక్కడుందని అడగకు.” చెయ్యి చాచాడు. “పెన్ను ఇటివ్వు. ఎలా పనిచేసింది?”

ఏజెంట్ పెన్ను బల్ల మీద పెట్టాడు.

“బాగానే ఉంది సార్. దీని లెక్కన లోకంలో అందరూ వెచ్చగానే ఉన్నారు.”