లోపల ముడులు లేని టోపీ

“తొమ్మిది!” అంటూ బురుల్ తన సంచిని బల్ల మీద బోర్లించింది.

ఎర్రవి, నల్లవి, గోధుమరంగువి. తొమ్మిది ఊలు టోపీలు దొర్లిపడ్డాయి. నాలుగో తరగతి పిల్లలంతా చుట్టూ మూగారు. కిర్గిజ్ దేశ రాజధాని బిష్కెక్‌లో అప్పటికే చలి ముదిరింది. క్లాసు కిటికీ అద్దాలు ఆవిరి పట్టి ఉన్నాయి.

“అబ్బో! ఇవన్నీ నువ్వే అల్లావా, మీ గొర్రె ఈనిందా?” అన్నాడు ఇల్గిజ్.

“కుళ్ళుమోతూ! నీది ఇంకా చెవుల దాకా కూడా రాలేదుగా!”

రెండు వారాల కిందట వాళ్ళ టీచర్ బర్మెత్ అందరికీ తలా ఒక మెత్తని నూలు ఉండ ఇచ్చింది. పిల్లలు ఆవిణ్ణి ‘ఎజె’ అని పిలుస్తారు. అంటే అక్క.

“ఆస్పత్రిలో మందుల వల్ల జుట్టు రాలిపోయిన పిల్లలున్నారు. వాళ్ళ కోసం ఒక్కొక్కరూ ఒక టోపీ అల్లండి. ఈ నూలుతోనే అల్లండి. తొందరేం లేదు” అని ఎజె అప్పుడే చెప్పింది. పిల్లల అమ్మలూ, నానమ్మలూ కలిసి రంగురంగుల గుడ్డముక్కలు అతికి, ఆ వార్డు కోసమే ఒక పెద్ద బొంత కుట్టారు.

బురుల్ చేతులు చాలా చురుకు. కానీ ఆమెకు వచ్చిన పసుపు నూలు మరీ సన్నం. గంటసేపు అల్లినా రెండు వేళ్ళ ఎత్తు లేవలేదు. నానమ్మ బుట్టలో మాత్రం లావుపాటి గొర్రె ఊలు బోలెడుంది. లావు సూదులతో అల్లితే ఒక్క సాయంత్రానికే ఒక టోపీ పూర్తయ్యేది. ఊలు అయిపోయిన చోట ఒక ముడి. మరో ముక్క అందుకున్న చోట ఇంకో ముడి. లోపలివైపు ఎవరు చూస్తారు?

బర్మెత్ ఎజె ఒక టోపీ చేతిలోకి తీసుకుంది. “ఇది నేనిచ్చిన నూలు కాదే?”

“ఇది ఇంకా వెచ్చన, ఎజే!”

ఎజె ఏదో అనబోయింది. ఇంతలో కింద వ్యాన్ హారన్ మోగింది. ఆవిడ టోపీలన్నీ గబగబా పెట్టెలో సర్దేసింది.

ఆస్పత్రిలో ముగ్గురు పిల్లల్నే లోపలికి రానిచ్చారు. బురుల్, ఇల్గిజ్, అక్‌మారల్. నర్సు వెనేరా వాళ్ళ బూట్లకు నీలం ప్లాస్టిక్ తొడుగులు వేయించింది. మూతికి మాస్కు కట్టింది.

ఆటల గదిలో ఏడెనిమిది మంది పిల్లలు కూర్చుని ఉన్నారు. బొంత పరచగానే ముగ్గురు చిన్నవాళ్ళు దాని కిందికి దూరిపోయారు. కిటికీ దగ్గరున్న అమ్మాయి మాత్రం సూటిగా పెట్టె దగ్గరికి వచ్చింది. బురుల్ ఈడుదే. పేరు జర్కినాయ్. తల మీద ఒక్క వెంట్రుక లేదు, కనుబొమలూ లేవు. ఆ అమ్మాయి పెట్టెలో చెయ్యి పెట్టి తిన్నగా ఎర్ర టోపీ తీసింది.

“నాకు ఎరుపంటే ఇష్టం. ఇదెవరు అల్లారు?”

“నేనే!” అంది బురుల్. ఆమె చెంపలు కూడా ఎర్రబడ్డాయి.

జర్కినాయ్ టోపీ పెట్టుకుంది. ఒక్క క్షణం కళ్ళు గట్టిగా మూసుకుని తెరిచింది. “చాలా వెచ్చగా ఉంది” అంది.

మిగతా టోపీలు భోజనాలయ్యాక పంచుతానంది నర్సు. అందరూ మెట్లు దిగుతుండగా బురుల్‌కు మఫ్లర్ మరిచిపోయిన సంగతి గుర్తొచ్చింది. ఎజెకు చెప్పి వెనక్కి పరుగెత్తింది.

ఆటల గది తలుపు తెరిచే ఉంది. జర్కినాయ్ కిటికీ దగ్గర నిలబడి, ఒక పల్చటి చేతిరుమాలు మడతపెట్టి తల మీద పరుచుకుంటోంది. దాని మీద టోపీ మెల్లగా, రెండు చేతులతో దించుకుంటోంది. రుమాలు జారిపోయింది. మళ్ళీ మొదలుపెట్టింది. ఆమె నుదుటి మీద ఒక ఎర్రటి గుంట పడి ఉంది. సరిగ్గా ముడి అంత.

బురుల్ అక్కడే ఆగిపోయింది.

“గుచ్చుకుంటోందా?” అని అడిగింది.

జర్కినాయ్ ఉలిక్కిపడింది. “లేదు... కొంచెం. నాకు దిండు కూడా గుచ్చుకుంటుందిలే.”

“మరి తీసెయ్యొచ్చుగా?”

“నువ్వు కష్టపడి అల్లావు కదా. పైగా ఎరుపు.”

బురుల్ ఆ టోపీ అడిగి తీసుకుని, మొదటిసారి లోపలివైపు తిప్పి చూసింది. ముడులు శనగగింజల్లా వరసగా ఉన్నాయి. వేలు పెట్టి లెక్కపెట్టింది. పద్నాలుగు.

“దీన్ని నేను తీసుకెళ్తాను. మెత్తగా ఇంకోటి అల్లి తెస్తాను.”

జర్కినాయ్ టక్కున టోపీ లాక్కుంది. “ఇవ్వను. మళ్ళీ వస్తామని అందరూ చెప్తారు. ఒకాయన బొమ్మలాట చూపించి, వచ్చే వారం కూడా వస్తానన్నాడు. రాలేదు.”

“నేను వస్తాను.”

“అయితే ఇది నా దగ్గరే ఉంటుంది. నువ్వు కొత్తది తెచ్చాక చూద్దాం. వచ్చే శుక్రవారం మధ్యాహ్నం మా నాన్న వస్తాడు. మేం నరీన్ కొండల్లో మా ఊరికి వెళ్ళిపోతాం. అక్కడ ఇప్పటికే మంచు.”

ఎనిమిది రోజులు!

బురుల్ నర్సు దగ్గరికి వెళ్ళింది. “వెనేరా ఎజే, పెట్టెలో నావి ఇంకా ఎనిమిది ఉన్నాయి. అవి పంచకండి. గుచ్చుకుంటాయి.”

కింద వ్యాన్ దగ్గర ఆ ఎనిమిదీ ఆమె చేతుల్లో చూసి ఇల్గిజ్ పగలబడి నవ్వాడు. “ఏమైంది? గొర్రె తన పిల్లల్ని వెనక్కి అడిగిందా?”

బురుల్ ఈసారి ఎదురు చెప్పలేదు. “వీటి లోపల ముడులున్నాయి. ఆ అమ్మాయి తల కమిలిపోయింది” అంది. ఇల్గిజ్ నవ్వు ఆగిపోయింది.

వ్యాన్‌లో బర్మెత్ ఎజె బురుల్ పక్కన కూర్చుంది. “నాకూ అనుమానం వచ్చింది బురుల్. వ్యాన్ వచ్చేసిందని ఊరుకున్నాను. నేను అప్పుడే చెప్పాల్సింది” అంది.

ఇంటికెళ్ళగానే బురుల్ పసుపు నూలు బయటికి తీసింది. స్కూలు నుంచి రాగానే సన్న సూదులతో కూర్చునేది. టీ చల్లారిపోయేది. బుధవారానికి టోపీ దాదాపు పూర్తయింది. నానమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పింది.

“కళ్ళు మూసుకో, నా గుర్రప్పిల్లా” అంది ముద్దుగా.

బురుల్ కళ్ళు మూసుకుంది. నానమ్మ టోపీ లోపలివైపు ఆమె కనురెప్పల మీద మెల్లగా జరిపింది.

“అబ్బా!”

“ఎక్కడ?”

“ఇక్కడ. నూలు తెగిన చోట చిన్న ముడి.” బురుల్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “నానమ్మా, అది సగం దగ్గరుంది. విప్పితే శుక్రవారానికి అవ్వదు! ఇంత చిన్నది ఆ అమ్మాయికి తెలియదేమో కదా?”

నానమ్మ టోపీ ఆమె ఒళ్ళో పెట్టి, రొట్టెల పిండి కలపడానికి వెళ్ళిపోయింది.

బురుల్ ఆ ముడిని వేలితో మరోసారి తడిమింది. తర్వాత నూలు కొస పట్టుకుని లాగింది. వరుస తర్వాత వరుస విప్పుకుంటూ ఆ ముడి దాకా వెళ్ళింది. ఆ రాత్రీ, మర్నాటి రాత్రీ పొద్దుపోయేదాకా అల్లింది.

శుక్రవారం ఎజె ఆమెను మొదటి పీరియడ్‌కే ఆస్పత్రికి తీసుకెళ్ళింది. జర్కినాయ్ కోటు వేసుకుని, సంచి మీద కూర్చుని ఉంది. తల మీద రుమాలు, దాని మీద ఎర్ర టోపీ.

“వచ్చావా!” అంది లేచి నిలబడి. నమ్మలేనట్టు మరోసారి, “నిజంగా వచ్చావే!” అంది.

జర్కినాయ్ కొత్త టోపీ అందుకుని, మొదట లోపలివైపు తిరగేసింది. లోపల వేలితో అంగుళం అంగుళం వెతికింది. “ముడులేవి? ఎక్కడ దాచావు?”

“దాచలేదు. పైన చూడు.”

నూలు కొసలన్నీ పైకి లాగి, నడినెత్తిన కుచ్చులా కట్టింది బురుల్. మధ్యలో నాలుగు ఎర్ర పోగులు కూడా కలిపింది.

“అందరికీ కనిపిస్తాయిగా!”

“కనిపించనీ. నీకు గుచ్చుకోవు కదా.”

జర్కినాయ్ టోపీ పెట్టుకుంది. ఈసారి కళ్ళు మూసుకోలేదు. తల అటూ ఇటూ ఊపితే కుచ్చు ఎగిరింది.

“మరి ఆ ఎర్రది ఇచ్చెయ్.”

“ఇవ్వనుగా! మా ఇంట్లో చెవి తెగిన మేక ఒకటుంది. దానికి పెడతా. దానికేం గుచ్చుకోదు.”

ఇద్దరూ పడీ పడీ నవ్వుతుండగానే జర్కినాయ్ వాళ్ళ నాన్న వచ్చాడు. కిటికీలోంచి బురుల్ ఆ పసుపు టోపీ గేటు దాటేదాకా చూసింది.

వెనక నుంచి ఎవరో ఆమె గౌను లాగారు. ఐదేళ్ళ పాప. ఆ బొంతే భుజాల మీద కప్పుకుని నిలబడి ఉంది.

“నాకో?” అంది.

బురుల్ మోకాళ్ళ మీద కూర్చుంది. జేబులోంచి నూలు పోగు తీసింది. “నీ పేరేంటి?”

“బల్జాన్.”

“ఏ రంగు కావాలి బల్జాన్? తల ఎక్కడ ఎక్కువ నొప్పిగా ఉంటుంది?”

పాప చెవి వెనక చూపించింది. బురుల్ అక్కడ వేలు తగలకుండా పోగును మెల్లగా తల చుట్టూ తిప్పి కొలిచింది. పాప ఊపిరి బిగబట్టి, కదలకుండా నిలబడింది.

“అయిపోయిందా?”

“ఇంకా మొదలే పెట్టలేదు. పది రోజులు పడుతుంది. నేను నిదానంగా అల్లుతాను.”

“ఫరవాలేదు. నేనిక్కడే ఉంటానుగా” అంది బల్జాన్.