గుబాళి పరిమళం

చంద్రుడి మీద ఏడో గుమ్మటంలో గాలికి వాసన ఉండదు. గాలిని వడకట్టే జల్లెడలు దుమ్ముతో పాటు దాన్నీ పట్టేస్తాయి. అందుకే అక్కడి పిల్లలకు ‘భూతారణ్యం’ ఆటలోని గుబాళి అంటే ప్రాణం. ఆ ఆటలో మిగతా భూతాలు నిప్పులు కక్కుతాయి, కొమ్ములతో కుమ్ముతాయి. గుబాళి మాత్రం కర్బూజా పండులా ఉండి, రెండు ఆకుచెవులు ఊపుకుంటూ గెంతుతుంది. దాని ఆయుధం పరిమళమే. అది సోకితే ఎంతటి భూతమైనా నిద్రలోకి జారుకోవలసిందే. ఆటగాడి కాలరుకు బొత్తాంలా అంటుకుని ఉండే గంధపేటిక, అంటే సెంట్ బాక్స్, ఆ ముగ్గిన కర్బూజా వాసననే అతని ముక్కుకు అందిస్తుంది.

ఆ పేటికను కనిపెట్టింది హయగ్రీవం, అతని భార్య ఇందుమతి. మొదట్లో గుబాళి వారానికోసారి వాడిపోయి, మూడు రోజులకు మళ్ళీ చిగురించేది; అన్నాళ్ళూ పేటికలోంచి వాసన వచ్చేది కాదు. పిల్లలు ఏడుస్తున్నారని హయగ్రీవం మనసు కరిగింది. కిందటి నెల దాన్ని ఎన్నటికీ వాడని పండుగా మార్చి, పరిమళం రాత్రింబవళ్ళు వచ్చేలా చేశాడు.

ఇప్పుడు వాళ్ళ పనిగదిలో బల్ల నిండా తిరిగొచ్చిన పేటికలే. అందరిదీ ఒకటే ఫిర్యాదు, వాసన రావడం లేదని. సాయంత్రంలోగా లోపం తేలకపోతే గుబాళిని ఆటలోంచి తీసేస్తామని, ఆటను నడిపే భూమి మీది ఆఫీసు కబురు పెట్టింది.

“మీటరేమో వస్తోందంటుంది, ముక్కేమో లేదంటుంది,” అన్నాడు హయగ్రీవం ఇంకో పేటిక విప్పుతూ.

“మీకు జలుబేమో,” అంది ఇందుమతి, టీ కాస్తూ.

“నీకొస్తోందా మరి?”

“నాకూ లేదనుకోండి.”

అంతలో తలుపు తెరుచుకుంది. భూమి నుంచి అప్పుడే దిగిన సరుకుల నౌక పైలట్ కనకరాజు, భుజాన పెట్టెతో గుమ్మంలోనే ఆగిపోయాడు.

“ఏటండీ బాబూ, కర్బూజాలు పండిస్తన్నారేటి? గుప్పుమంటంది! ఓ ముక్క పెట్టండి!”

భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పేటికలన్నీ బాగానే ఉన్నాయి. ఎడతెగకుండా వచ్చే పరిమళాన్ని గుమ్మటంలోని ముక్కులే పట్టించుకోవడం మానేశాయి.

“రోజూ కాసేపు గుబాళి అడవిలోకి వెళ్ళిపోవాలి,” అన్నాడు హయగ్రీవం. “అంతసేపూ పేటిక ఆగిపోవాలి.”

“పిల్లలు మళ్ళీ ఏడుస్తారు.”

“ఏడవనీ. తిరిగొస్తుందిగా!”

మార్పు రాసి పంపాడు. ముందు పరీక్షించి చూడమంది ఆఫీసు. అతను గదిలోని పేటికలన్నీ ఆపి, అరగంట బయట వరండాలో నడిచి, లోపలికొచ్చి ఒక్క పేటిక తగిలించుకున్నాడు. తెర మీద పొదల్లోంచి గుబాళి చెవులు విదిలిస్తూ గెంతుకొచ్చింది. కమ్మటి వాసన గుండె నిండా పట్టింది. ఆ సంగతి తెలపగానే, గుబాళిని ఉంచుతున్నట్టు ఆఫీసు నుంచి జవాబూ వచ్చింది.

హయగ్రీవం తృప్తిగా కళ్ళు మూసుకున్నాడు. ఆ పరిమళం వెనకాలే ఇంకేదో తగిలింది.

“ఇందూ, ఇవాళ టీలో యాలకులు వేశావా? ఎంత బాగుందో!”

ఇందుమతి గ్లాసు అతని ముందు పెట్టి, నడుం మీద చెయ్యి వేసుకుంది.

“పదకొండేళ్ళ నుంచీ వేస్తున్నానండీ. రేపు కూడా ఓ అరగంట బయట తిరిగి రండి.”