చాయ్ సల్లగైంది

ఉప్పల్ స్కైవాక్ మీద ఉదయం ఏడుంబావుకు శశిధర్ వాటర్ ఫిల్టర్లు బాగుచేసే మెకానిక్ వేషంలో నిలబడి ఉన్నాడు. నీలం చొక్కా, భుజాన సంచి, అంటించిన మీసం. ఇరవై రెండేళ్ల గూఢచారి సర్వీసులో ‘ఆఫీసు’ అతనిచేత బొప్పాయి పండ్లు అమ్మించింది, పెళ్లి బ్యాండులో డోలు కొట్టించింది. ఆ లెక్కన ఇది గౌరవమైన వేషమే.

జాగింగ్ బూట్లు వేసుకున్న ఒక పెద్దమనిషి ఆయాసపడుతూ వచ్చి పక్కన ఆగాడు.

“నారపల్లి బస్సు ఎక్కడ ఆగుతుందండీ?”

“ఆగదు. చెంగిచెర్ల వైపు తిరిగిపోతుంది.”

కోడ్ కలిసింది. పెద్దమనిషి అచ్యుతరావు, ఆఫీసుకు హైదరాబాద్ చీఫ్. కింద రింగురోడ్డు ట్రాఫిక్‌ను చూస్తూ పెదవులు కదిలీ కదలకుండా మొదలుపెట్టాడు.

“ఇవాళ పదకొండు ఇరవైకి ఒక ట్రాన్స్‌పోర్ట్ విమానం దిగుతుంది. అందులో కొత్త రాడార్, దాన్ని తయారుచేసిన ఏడుగురు సైంటిస్టులు ఉంటారు. టెస్ట్ గుట్టుగా జరగాలని, జనం మరిచిపోయిన రన్‌వే ఒకటి చూశారు. దిగేదాకా పూర్తి రేడియో సైలెన్స్.”

“ఏ రన్‌వే సార్?”

“ఏదులకుంట.”

శశిధర్ భుజం మీది సంచి జారింది. నారపల్లి దాటాక లోపలికి పది నిమిషాల దూరంలో ఉండే ఏదులకుంట ఎయిర్ బేస్ మూతపడి ఇరవయ్యేళ్లు దాటింది. ఇరవయ్యో ఏట నుంచి ఏడేళ్లు అతను అక్కడే టవర్లో రేడియో ఆపరేటర్. ఆ పేరు తనకై తాను పలకడం అతను ఎప్పుడో మానేశాడు.

“నువ్వక్కడ పనిచేశావనే పిలిచాను,” అన్నాడు అచ్యుతరావు. “ఒక విదేశీ ముఠా ఆ విమానాన్ని కూల్చాలని చూస్తోంది. అందులో మన మనిషి ఒకామె ఉంది, పేరు సిరి. డాక్యుమెంటరీ తీస్తానని చెప్పి, ఆ బేస్‌లో పనిచేసిన పాతవాళ్ల జ్ఞాపకాలన్నీ ఏడాదిగా రికార్డు చేసి పుస్తకంగా కూర్చింది. ముఠా పురమాయించిన పనే. కాపీ మనకూ ఇచ్చింది. డ్రోన్‌తో కొడతారని ఆమె కబురు. ఉప్పల్ నుంచి బేస్ దాకా డ్రోన్ సిగ్నళ్లను అడ్డుకునే జామర్లు పెట్టించాను.”

“మరి నేనెందుకు?”

“ఇది చదువు. ఎక్కడైనా తేడా ఉంటే నీకే తెలుస్తుంది.” ఆ పుస్తకం ప్రూఫు సంచిలోకి జారింది. పెద్దమనిషి మళ్లీ జాగింగ్ అందుకున్నాడు. నిజంగానే ఆయాసపడుతున్నాడు పాపం.

శశిధర్ మెట్లు దిగి హోటల్లో కూర్చుని నిమ్మ సోడా చెప్పాడు. పొద్దున్నే సోడా ఏంటన్నట్టు చూశాడు సప్లయర్. శశిధర్ చాయ్ మానేసి ఇరవై ఏడేళ్లు.

పుస్తకం పేరు ‘ఆకాశం కింద మా రోజులు’. శనివారం రాత్రి హ్యాంగర్ గోడకు సున్నం కొట్టి దానిమీద వేసిన సినిమాలు, అందరూ నేలమీద జంబుఖానాలు పరుచుకోవడం. బేకరీ నుంచి నాలుగింటికి వచ్చే బన్నుల వాసన. క్వార్టర్స్ వెనక జామచెట్లు, వాటికోసం ఆడవాళ్ల తగాదాలు. చదువుతుంటే అతనికి తెలియకుండానే నవ్వొచ్చింది. ఆ వెంటనే నవ్వినందుకు సిగ్గేసింది. ఆ రోజుల గురించి నవ్వే హక్కు తనకు లేదని అతని నమ్మకం.

అరవై రెండో పేజీ తిప్పితే డెబ్భై ఒకటి వచ్చింది. వెనక్కి తిప్పి విషయసూచిక చూశాడు. ‘అరవై మూడు: పిట్టల కావలి సిద్దయ్య’.

ఎనిమిది పేజీలు మాయం. అందులో ఉన్నది ప్రపంచంలో ఎవరికి ముఖం చూపించలేడో ఆ మనిషి.

సిద్దయ్య చెంగిచెర్ల మనిషి. రన్‌వే చివర ఒక గుడిసె మీద కూర్చుని, విమానం వచ్చే ముందు పటాకులు కాల్చి గద్దల్ని తోలడం అతని ఉద్యోగం. టవర్ నుంచి ఆ గుడిసెకు ఒక ఫోన్ లైను ఉండేది. ఎవరైనా వినే వీలున్న లైను కాబట్టి విమానం మాట ఎత్తకూడదు. అందుకని ఇద్దరూ ఒక కోడ్ పెట్టుకున్నారు. ‘చాయ్ వస్తుంది’ అంటే విమానం వస్తోంది, పిట్టల్ని తోలు. ‘చాయ్ సల్లగైంది’ అంటే ఫ్లైట్ క్యాన్సిల్, దిగిరా.

తొంభై ఎనిమిది మార్చిలో ఒక పొద్దున శశిధర్ ఫోన్‌ను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని లాగ్‌బుక్ రాస్తున్నాడు. క్యాంటీన్ శివ గ్లాసు తెచ్చి బల్లమీద పెట్టాడు. శశిధర్ ఒక గుక్క తాగి, విసుగ్గా, “చాయ్ సల్లగైంది, ఇంకోటి తే,” అన్నాడు. ఆ చివర సిద్దయ్య మొదటి రెండు మాటలు విని ఫోన్ పెట్టేసి, పటాకుల డబ్బా సర్దుకుని దిగిపోయాడు. నాలుగు నిమిషాల తర్వాత ఫ్లైట్ లెఫ్టినెంట్ పృథ్వీ విమానం ఇంజన్‌లోకి గద్ద దూరింది. పృథ్వీకి ఇరవై ఆరేళ్లు.

విచారణలో సిద్దయ్య ఉన్నదున్నట్టు చెప్పాడు: “చాయ్ సల్లగైందన్నరు సార్, దిగిన.” ఆఫీసర్లు నవ్వారు. తర్వాత శశిధర్‌ను అడిగారు. అతను “నేననలేదు సార్,” అన్నాడు. అంతే. సిద్దయ్య ఉద్యోగం పోయింది, పైగా ఒక ప్రాణం తీసినవాడన్న పేరు మిగిలింది. ఆ తర్వాత శశిధర్ ఎన్నో అబద్ధాలు ఆడాడు, అవన్నీ ఉద్యోగ ధర్మం. ఈ ఒక్కటీ అతని సొంతం.

సోడా సగంలో వదిలేసి లేచాడు. సిద్దయ్య ఇప్పుడెక్కడ పనిచేస్తున్నాడో అతనికి తెలుసు, ఇన్నాళ్లూ ఎదురుపడే ధైర్యమే లేకపోయింది.

నాచారంలో ఒక అపార్ట్‌మెంట్ గేటు దగ్గర డెబ్భై ఏళ్ల వాచ్‌మన్ కుర్చీలో కూర్చుని విజిటర్స్ పుస్తకం ముందుకు తోశాడు. తల ఎత్తలేదు.

“ఏ ఫ్లాటు?”

“ఫ్లాటు కాదు. నీతోనే పని.”

వాచ్‌మన్ తల ఎత్తాడు. “శశి సారు,” అన్నాడు మెల్లగా. “మీసం ఊడుతుంది, సూస్కో.”

నాలుగేళ్లు ఫోన్లో విన్న గొంతును సిద్దయ్య మరిచిపోలేదు. శశిధర్ మీసం పీకి జేబులో పెట్టుకున్నాడు. చెప్పాల్సినవి చాలా ఉన్నాయి. కానీ టైమ్ తొమ్మిది దాటింది.

“సిద్దన్నా, సిరి అని ఒకామె వచ్చిందా? ఏమడిగింది?”

“వచ్చింది. మంచిగ మాట్లాడింది. నేను జెప్పిందంత నమ్మింది సార్. ఇరవై ఏడేండ్లల నా మాట నమ్మింది ఆ పిల్లొక్కతే.” ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. సిద్దయ్యే మళ్లీ అందుకున్నాడు: “కని ఒక్కటి ఇచిత్రంగ అడిగింది. గద్దలు పోవాల్నంటే ఏం జేస్తుంటివని గాదు, జల్దీ రావాల్నంటే ఏం జెయ్యాలె అని.”

“నువ్వేం చెప్పినవ్?”

“గుట్ట కింద బండల మీద పేగులు, కొవ్వు పోస్తే పావుగంటల ఆకాశం నల్లగైతదన్న.”

శశిధర్‌కు అంతా అర్థమైంది. డ్రోన్ లేదు, బాంబు లేదు. గద్దలే. విమానం కూలితే ప్రమాదమంటారు, గద్దల మీద కేసు పెట్టరు. సిరి మన మనిషి కాదు, ముఠా మనిషే. అచ్యుతరావుకు ఫోన్ చేశాడు.

“సార్, విమానం ఆపించండి. పక్షులతో కూలుస్తారు.”

“గద్దల పేరు చెప్పి ఢిల్లీని ఆపమంటావా?” అవతల నవ్వు వినిపించింది. అచ్చం ఆనాటి విచారణ గదిలో నవ్వులాగే ఉంది. “రుజువు చూపించు, అప్పుడు చూద్దాం.”

శశిధర్ ఫోన్ పెట్టేసి సిద్దయ్య ముందు నిలబడ్డాడు. యాభై ఒక్కేళ్ల మనిషి, స్కూలు పిల్లాడిలా చేతులు కట్టుకున్నాడు.

“సిద్దన్నా, ఆ దినం ఆ మాట నేనే అన్న. చాయ్ గురించే అన్న, నువ్వు కోడ్ అనుకున్నవ్. తప్పు నాది. భయపడి అబద్ధమాడిన.”

“నాకు తెల్వదా ఏంది? నాకెందుకు జెప్తున్నవ్? ఆ దినం నవ్వినోళ్లకు జెప్పు.”

“చెప్త. రాసిస్త. ఇప్పుడైతే నాతోని రా. పైన విమానంల పైలెట్లతోటి తొమ్మిది మంది ఉన్నరు.”

సిద్దయ్య గేటు తాళం పక్కింటి వాచ్‌మన్‌కు ఇచ్చి, టోపీ తీసి కుర్చీ మీద పెట్టాడు. “నీ కోసం వస్తలేను సార్. పైనోళ్ల కోసం.”

పెళ్లి ఊరేగింపులకు పటాకులు అమ్మే దుకాణంలో ఉన్న సుతిలి బాంబులన్నీ కొన్నారు. స్కూటర్ మీద సిద్దయ్య వెనక కూర్చుని సంచిని ఒళ్లో పెట్టుకున్నాడు. బేస్ గేటు దగ్గర ఆఫీసు మనుషులు నోరు తెరుచుకుని ఆకాశంలో డ్రోన్ల కోసం వెతుకుతున్నారు. శశిధర్ కార్డు చూపించి లోపలికి పోనిచ్చాడు. సినిమా వేసిన హ్యాంగర్ గోడ మీద సున్నం ఇంకా అక్కడక్కడా ఉంది. జామచెట్లు ఎండిపోయాయి. రన్‌వే మాత్రం కొత్తగా ఊడ్చారు. దాని చివర రాతి గుడిసె అలాగే ఉంది.

“కోడ్ ఏంది?” వాకీటాకీ అందుకుంటూ అడిగాడు సిద్దయ్య.

“పాతదే. నేను చెప్పేదాక దిగకు.”

“ఈసారన్న పనిల ఉన్నప్పుడు చాయ్ తాగకు సార్.”

పది యాభై అయిదు. శశిధర్ గుట్ట వెనక్కి పరుగెత్తాడు. జేబులో పెన్ను కెమెరా అచ్యుతరావుకు లైవ్ పంపుతోంది. బండల పక్కన ఒక వ్యాన్, తెరిచిన డ్రమ్ములు, బండల నిండా పేగులు. ఆకాశంలో గద్దలు అప్పుడే తిరుగుతున్నాయి. వ్యాన్‌కు ఆనుకుని నిమ్మపండు రంగు చీరలో, నల్ల కళ్లద్దాలతో సిరి నిలబడి ఉంది. అంత కంపులోనూ ఆమె సెంటు వాసన తెలుస్తోంది. చేతిలో పిస్టల్ అతని గుండెకు గురిపెట్టి ఉంది.

“మీరు పేజీ నంబర్లు చూస్తారనుకోలేదు శశిధర్ గారూ. వాకీటాకీ ఇలా ఇవ్వండి.”

చెవిలోని ఇయర్‌పీస్‌లో అచ్యుతరావు గొంతు వినిపించింది. “చూశానయ్యా! కానీ వాళ్లు రేడియో సైలెన్స్‌లో ఉన్నారు. ఆపలేను!”

దూరంగా ఇంజన్ చప్పుడు మొదలైంది. సిరి అతని వాకీటాకీని నోటిదగ్గర కాదు, తన ఫోన్ దగ్గర పెట్టింది. “ఎందుకైనా మంచిదని, పాత టవర్ టేపుల నుంచి ఏఐతో మీ గొంతు తయారుచేయించాం. వినండి, బాగుంటుంది.”

బటన్ నొక్కింది. శశిధర్ గొంతే వినిపించింది.

“సిద్దన్నా, చాయ్ చల్లారింది. దిగిరా.”

శశిధర్ కళ్లముందు ఎండ చీకటైంది. ఇరవై ఏడేళ్లుగా కలలో వినే మాట, తన గొంతులోనే, విమానం వస్తుండగానే. ఆనాడు ఆ మాట విని దిగినవాడు ఇవాళ దిగకుండా ఉంటాడా? ఒక నిమిషం గడిచింది. గుడిసె వైపు నిశ్శబ్దం. గద్దలు నల్లటి సుడిలా రన్‌వే దారికి అడ్డంగా దిగుతున్నాయి. చెట్ల పైన విమానం ముక్కు కనిపించింది. పృథ్వీ విమానం కూడా అటునుంచే వచ్చింది. “క్షమించు సిద్దన్నా,” అని అతను పైకే అన్నాడు.

ఢాం!

ఢాం! ఢాం! ఢాం!

గుడిసె మీద సిద్దయ్య రేకు డబ్బా బాదుతూ, బాంబు మీద బాంబు విసురుతున్నాడు. గద్దలు చెదిరి నాలుగు దిక్కులకూ పారిపోయాయి. పోతూ పోతూ ఒక గద్ద కాళ్లలోని పేగును వదిలేసింది. అది నేరుగా సిరి నల్ల కళ్లద్దాల మీద పడింది. ఆమె కెవ్వుమంది. ఆ క్షణం చాలు శశిధర్‌కు. పిస్టల్ ఎగిరి డ్రమ్ములో పడింది, ఆమె చేతులు వాటర్ ఫిల్టర్ పైపుతో వెనక్కి కట్టేశాడు. విమానం వాళ్ల తలల మీదుగా వెళ్లి మెత్తగా రన్‌వేను తాకింది. టైమ్ సరిగ్గా పదకొండు ఇరవై.

శశిధర్ వాకీటాకీ ఎత్తాడు. బటన్ నొక్కేలోపే సిద్దయ్యే మాట్లాడాడు.

“సార్, గా మాటన్నది నువ్వు గాదు గదా?”

“కాదన్నా. నీకెట్ల తెలిసింది?”

“నువ్వు సల్లగైందంటవ్. చల్లారింది అన్నడంటే వాడెవడో పుస్తకాలోడు. మన ఉప్పల్ పక్క చిల్కానగర్ల పుట్టిన నువ్వు గట్లంటవా?”

సిరి తల పట్టుకుందామనుకుంది, చేతులు కట్టేసి ఉన్నాయి. “సిద్దయ్య సల్లగైందనే చెప్పాడు,” అంది నీరసంగా. “పుస్తకం కదా, భాష శుద్ధంగా ఉండాలని నేనే దిద్దాను. ఆ దిద్దిందే గొంతుకు ఎక్కించాం.”

సాయంత్రానికి అచ్యుతరావు మెడల్ మాట ఎత్తాడు. శశిధర్ జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి ఇచ్చాడు. తొంభై ఎనిమిది మార్చిలో జరిగింది మొత్తం అందులో రాసి, సంతకం పెట్టాడు.

“ఇప్పుడిది దేనికయ్యా? అందరూ మరిచిపోయిన ఫైలు. నీ ఉద్యోగం పోతుంది.”

“మరిచిపోనివాళ్లు ఇద్దరున్నాం సార్. పృథ్వీ ఇంటివాళ్లను కూడా కలిపితే ఇంకా ఎక్కువ.”

మర్నాడు ఆ కాగితం నకలు పట్టుకుని చెంగిచెర్లలో సిద్దయ్య ఇంటికి వెళ్లాడు. సిద్దయ్య భార్య లింగమ్మ దాన్ని మనవరాలు దీపచేత రెండుసార్లు చదివించుకుంది. కాగితం మడిచి చేతిలోనే ఉంచుకుంది.

“మా ఆయనను ఊరంత పానం తీసినోడన్నది సార్. అప్పటిసంది మా పొయ్యి మీద చాయ్ పెట్టలే నేను. నిన్ను మాఫ్ జేసిన్నని అనుకోకు.”

“అనుకోను తల్లీ.”

ఆమె లేచి లోపలికి పోయింది. కాసేపటికి అల్లం వాసన వచ్చింది. మూడు గ్లాసులు తెచ్చి, ఒకటి అతని ముందు పెట్టింది. శశిధర్ దాన్ని చూస్తూ కూర్చున్నాడు, చెయ్యి కదల్లేదు.

“తాగు సార్,” అంది లింగమ్మ కసురుతూ. “సల్లగైతది.”

శశిధర్ ఉలిక్కిపడి పైకి చూశాడు. సిద్దయ్య మీసాల్లో నవ్వాడు.

“ఫికర్ జెయ్యకు సార్. పైన ఇమానం ఏం లేదు. గిది ఉత్త చాయే.”