జంపఖానా కట్టలో కరెంటు

"ఏజెంట్ నైన్! మద్రాసు రైలు కదలడానికి తొమ్మిది నిమిషాలే. కాయిల్ అందులో పోయిందా, నువ్వు వాపసు రాకు." వైర్‌లెస్‌లో చీఫ్ గొంతు ఆగింది.

1979 ఏప్రిల్. వరంగల్ స్టేషన్. ప్లాట్‌ఫారం మీద నలభై కొత్తవాడ జంపఖానా కట్టలు. ఒకదాంట్లో లాబొరేటరీ నుంచి దొంగిలించిన ఫ్లాస్కు. ఫ్లాస్కులో సూపర్‌కండక్టర్ తీగ చుట్ట, అదే ఆ కాయిల్. ఏ కట్టో, దొంగల ముఠాలో ఉంటూ చీఫ్‌కు కబుర్లు చేరవేసే డబుల్ ఏజెంట్ షహనాజ్ బేగంకూ తెలీదు.

"డోర్నకల్‌ల కొనెటోడు ఎక్కుతడు," నల్ల కళ్లద్దాలు సర్దుకుంటూ చెప్పిందామె. "కరెంటు ఇంకా నడుస్తాంటేనే సరుకు తీసుకుంటడు. జర జల్దీ కానియ్యి, మొగిలీ."

పార్శిల్ గుమాస్తా వేషంలో ఉన్న ఏజెంట్ నైన్ పేరు మొగిలి. పక్కనే, కాయిల్ గుర్తుపట్టడానికి లాకప్ నుంచి తెచ్చిన లాబ్ అటెండర్ ఫకీర్ మహమ్మద్, బేడీల మీద తువ్వాల.

పదకొండు రోజుల కింద మొగిలి మీటర్ రీడర్ వేషంలో లాబ్‌కు పోయాడు. బ్యాటరీ వైర్లు పీకేసి ఉన్నా ఫ్లాస్కు దగ్గర దిక్సూచి సూది తిరిగింది. "లోపల కరెంటు తిరుగుతాంది సార్, బ్యాటరీ అక్కర్లేదు," అన్నాడు ఫకీర్. అటెండర్ మాట ఆఫీసర్ చెవికి ఎప్పుడెక్కింది? దాచిన బ్యాటరీ, శత్రువుల ట్రాన్స్‌మిటర్ అని మొగిలి రిపోర్టు రాసిపారేశాడు. సాయంత్రం అదే వేషంలో ఇంటికెళ్లి, ఫకీర్ భార్య తాహెరా పోసిన చాయ్ తాగి, ఆమె ముందే అతని చెంప పగలగొట్టి లాక్కొచ్చాడు. ఫ్లాస్కుకు కాపలా ఉండే ఫకీరే లాకప్‌లో పడ్డాక దొంగలకు తలుపు తీసిపెట్టినట్టే అయింది.

"ఇప్పుడు చెప్పు. ఆ కరెంటు ఎందుకు ఆగదు?" అడిగాడు మొగిలి.

"మామూలు తీగ కరెంటును అడ్డుకుంటది సార్, వేడెక్కుతది. గిది ఫ్లాస్కుల హీలియం ద్రవంల చల్లగున్నంత సేపు అడ్డే లేదు. ఒక్కసారి తోలితే తిరుగుతనే ఉంటది. వేడి తాకితే ఖతం. దిక్సూచి పట్టుండ్రి."

మొగిలి దిక్సూచి పెట్టి చూసిన కట్టనల్లా హమాలీలు బ్రేక్‌వాన్‌లోకి ఎక్కిస్తున్నారు. సూది తిరిగితే కాయిల్ దక్కుతుంది. తన రిపోర్టు అబద్ధమని తేలుతుంది. ఒక్క క్షణం, తిరగకపోతే బాగుండనుకున్నాడు. అయినా దిక్సూచిని తర్వాతి కట్టకు ఆనించాడు.

ఇరవై. ముప్పై. గార్డు పచ్చజెండా ఎత్తాడు. ముప్పై ఏడో కట్ట దగ్గర సూది గిర్రున మళ్లింది.

ఎగుమతి వ్యాపారిగా నటిస్తూ కట్టల వెంట వచ్చిన విదేశీ ఏజెంట్ పెన్ను పిస్టల్ తీశాడు. షహనాజ్ హ్యాండ్‌బ్యాగుతో మణికట్టు మీద ఒక్కటిచ్చింది. గుండు పైకప్పు రేకుకు తగిలింది. కట్ట కోస్తే ఫ్లాస్కు! రైలు అది లేకుండానే కదిలింది.

మొగిలి బేడీలు విప్పాడు. "మాఫ్ చెయ్యి, అన్నా."

"నాకెందుకు సార్? ఇంటికొచ్చి తాహెరాకు చెప్పుండ్రి."

"వస్తా."

"మీటర్ రీడర్ వేషంలనే రాండ్రి," మణికట్లు రుద్దుకుంటూ అన్నాడు ఫకీర్. "ఆమె చాయ్ పోసింది గా మనిషికే."